కన్నడంలో సాకు

ధర్మవరం,
కార్తీక బహుళ పంచమి

శ్రీవారి సముఖానికి,

నాగరత్న నమస్కరించి రాసుకునే సంగతులు. ఇక్కడ నేనూ దీపక్ క్షేమం. "క్షేమం" అన్న మాట కింద గీత గీశాను, చూసే ఉంటారు. చేయి జారి పడిన గీత కాదు. ఎందుకు గీశానో ఉత్తరం ముగిసేలోపు చెబుతాను. మీరు కూడా కాశీలో క్షేమమని రాశారు. రాత మీదే గానీ, ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. సత్రం మెట్లు ఎక్కి దిగడం పెద్ద కష్టమేమీ కాదని రాశారు. మెట్ల గురించి మిమ్మల్ని ఎవరడిగారు? అడగనిదానికి జవాబు వచ్చిందంటే మోకాలు మళ్ళీ వాచిందనే నా అనుమానం.

మీరు అడిగినవి వరుసగా రాస్తాను. అంగడి పైకప్పు కారడం ఆగింది. దీపక్ "బాగు చేయించినాను మా" అన్నాడు గానీ నేను నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. మేస్త్రీ కిందినుంచి కనబడే చోట మాత్రం సిమెంటు మెత్తి, గోడ వారగా ఉన్న అసలు పగులును వదిలేశాడు. మళ్ళీ పిలిపించి నా ఎదుటే చేయించాను. స్టీలు సామాను పాత చోటు నుంచే తెప్పిస్తున్నాం. కొత్తవాడొకడు తక్కువకు ఇస్తానని తిరుగుతున్నాడు. ఎందుకు తక్కువకు ఇస్తాడో తేలేదాకా వద్దన్నాను.

ఇక మీ పెద్ద ప్రశ్న. "ఫోన్ చేస్తే కట్ చేస్తావు. దీపక్‌ను అడిగితే అమ్మ మౌనవ్రతంలో ఉందంటాడు. ఏకాదశికి కూడా ఒక పొద్దు ఉండనిదానివి, ఈ వ్రతం ఎవరి మీద పట్టినావు? నా మీదనేనా? ఎవరైనా ఏమైనా చెప్పినారా?" అని రాశారు. వ్రతం సంగతి చెబుతాను. కానీ దాని ముందు నా పండ్ల సంగతి చెప్పాలి.

మీరు కాశీకి బయలుదేరక ముందే మొదలైంది. ఉగాది తర్వాత ఒకనాడు పొద్దున ఉగ్గాని, బజ్జి తింటూ నేను మధ్యలో లేచి పోయాను, గుర్తుందా? పొయ్యి మీద పాలున్నాయన్నాను. పాలు లేవు. బజ్జిలో మిరపకాయ తగలగానే పంటి ఇగుర్లకు నిప్పు అంటించినట్టయింది. అద్దంలో చూసుకుంటే పండ్ల చుట్టూ ఎర్రగా, పచ్చిగా ఉంది. పండ్లు తోముకుంటే ఇగురు మీది పొర, పాల మీది మీగడ వేలికి వచ్చినట్టు లేచి వచ్చేది. చిన్న చిన్న బొబ్బలు లేచేవి, చిట్లేవి. ఇది చాలదన్నట్టు కింది వరసలో దవడ పన్ను ఒకటి పోటు పెట్టేది.

నా పద్ధతి మీకు తెలుసు. ఒక్కొక్కటి మాని చూశాను. పేస్టు మానాను. కారం మానాను. చింతపండు మానాను. ఉప్పుతో తోమి చూసి ఏడ్చాను. ఏది మానినా తగ్గలేదు. మీకు చెప్పలేదు. కాశీ సత్రంలో ఏడాదిపాటు చేసే ఆ పని కోసం మీరు ఎన్నేళ్ళు ఎదురుచూశారో నాకు తెలుసు. చెబితే పెట్టె విప్పేస్తారు.

మీరు వెళ్ళాక, దీపక్ "ఏం మా, చారు ఇంత సప్పగా ఉండాది, పత్తెం ఎవురికి?" అని గొణగడం మొదలుపెట్టాక, మీ చెల్లెలు రూపకు చెప్పాను. తను హిందూపురంలో వాళ్ళ వీధి చివర పండ్ల డాక్టరు మల్లికార్జున దగ్గరికి తీసుకుపోయింది. ఆయన లైటు వేసి చూశాడు. దూది చుట్టిన పుల్లతో ఇగురు మీద మెల్లగా ఒత్తాడు. ఒత్తిన చోట పొర లేచింది. ఆయన చేతిలోని సామాను పక్కన పెట్టేశాడు.

"పన్ను ఇప్పుడు పీకేది లేదమ్మా. ముందు తోలు డాక్టరమ్మకు చూపిచ్చండి. ఆయమ్మే కండ్ల డాక్టరు తావకు గూడా పంపిస్తాది" అన్నాడు.

పంటికోసం పోతే తోలు, తోలు దగ్గరినుంచి కన్ను. బయటికి రాగానే అడిగాను.

"రూపా, ఈయప్పకు ఆ డాక్టర్లు ఏమైతారు?"

"ఏమైతారు? డాక్టర్లయితారు."

"అది కాదే, చుట్టాలా అని."

"వదినా, ఇది వంకాయల బేరం కాదు. నోరు మూసుకొని రా."

"నోరు మూసుకుంటేనే మంట తక్కువ. పద."

తోలు డాక్టరమ్మ ఆసుపత్రి ముందు బోర్డు ఉంది. "చర్మ, సుఖవ్యాధుల నిపుణులు" అని. రెండో మాట చదివి కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. రూప చదవనట్టు నటించింది. లోపల కూర్చున్నంతసేపూ నా బుర్రలో ఏం తిరిగిందో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. మీరు సామాను కొనడానికి మద్రాసు పోయి రెండు రాత్రులు ఉండి వచ్చిన సంగతులన్నీ తవ్వి తీశాను. ఆ పూటంతా మీరు నా కంటికి మంచి మనిషిగా కనబడలేదు. సాయంత్రానికి ఆ అనుమానం దానంతట అదే చల్లారింది. మీరు బయట భోజనం కూడా చేయలేని మనిషని గుర్తొచ్చింది. క్షమించండి.

ఆ డాక్టరమ్మ చేతులు, వీపు, గోళ్ళు అన్నీ చూసి, ఇగురులోంచి చిన్న ముక్క తీసి బెంగళూరు పంపితేనే జబ్బు పేరు తెలుస్తుందని మల్లికార్జునకు చీటీ రాసింది. ముక్క తీసేది ఏ జబ్బుకో నాకు తెలియదా? మన వీధి ఎర్రప్పకు పొగాకు నమిలే బుగ్గలోంచి ఇట్లాగే ముక్క తీశారు. ఆ ఇంట్లో అందరికీ తెలిసింది, ఎర్రప్పకు తప్ప. చివరిదాకా "పుండు, మానిపోతాది" అనే చెప్పారు. మల్లికార్జున దగ్గర కుర్చీలో పడుకున్న నాకు ఎర్రప్ప ముఖమే కనబడుతోంది. ఎవరైనా నాకు నిజం చెబుతారా అని గది నాలుగు మూలలా చూస్తున్నాను.

సరిగ్గా అప్పుడు రూప, ఆ డాక్టరు కన్నడంలోకి దిగారు.

మీ అన్నాచెల్లెళ్ళ అలవాటు మీకు వేరే చెప్పాలా? చిన్నప్పుడు గౌరిబిదనూరులో మీ మామ ఇంట్లో ఉండి చదువుకున్నారు. నా పెళ్ళయినప్పటి నుంచి నాకు తెలియకూడని మాట వస్తే చాలు, ఇద్దరూ కన్నడం ఎత్తుకుంటారు. నేను చేసిన ఉప్మా గురించి, మా అమ్మగారింటి పెట్టుపోతల గురించి అంతా కన్నడమే. నాది కనగానపల్లి. నాకు వచ్చిన కన్నడమల్లా ఒక్కటే, "హేళబేడ". చెప్పొద్దు అని. మీ నోట ఎన్నిసార్లు విన్నానో!

ఆ రోజు నేను విన్నది ఇది. డాక్టరు "సణ్ణ చూరు సాకు" అన్నాడు. రూప "అష్టే సాకా? ఆయ్తు, నాను హేళ్తీని" అంది.

సాకు. మళ్ళీ సాకు. ఆ తర్వాత హేళడం. అంటే ఏదో సాకు చెప్పాలి. చెప్పే పని రూపది. ముక్క తీస్తున్నప్పుడు సూది నొప్పి కూడా తెలియలేదు.

అక్కడినుంచి జరిగింది కాసేపు ఆపుతాను. మీకు చెప్పాల్సిన మిగతావి రాసి వస్తాను.

దీపక్‌కు అంగడిలో ఓపిక పెరిగింది. గిన్నెలు తట్టి చూసి శబ్దం బాగలేదని వెనక్కిచ్చే ముసలమ్మలతో కూడా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. తులసికోట దగ్గర రోజూ దీపం పెడుతున్నాను. మీరు పంపిన గంగ చెంబు మూత సీలు కొంచెం చెదిరి ఉంది. దారిలో ఎవరైనా తీసి మామూలు నీళ్ళు పోశారేమోనని ఇంకా పూజలో వాడలేదు. మీ అక్కడి వంటమనిషి మంచివాడని రాశారు. నెయ్యి డబ్బా మీద కన్నేసి ఉంచండి.

ఇక చెబుతాను.

బెంగళూరు నుంచి జవాబు వచ్చింది, రమ్మని రూప కబురు చేసింది. "ఏమని వచ్చింది?" అంటే, "డాక్టరే చెప్తాడంట, నువ్వు రా" అంది. ఇదే ఆ సాకు అనుకున్నాను. ధర్మవరంలో రైలెక్కాను. హిందూపురానికే టికెట్టు తీసుకున్నాను. పెనుకొండలో దిగిపోయాను.

అక్కడ ఒక పండ్ల డాక్టరు ఉన్నాడు. పక్కింటి అంజినమ్మకు పన్ను పీకింది ఆయనే. "సూదేసేది తెలీదు, పీకేది తెలీదు, పోతానే పని అయిపోతాది" అని ఆమె ఎప్పటినుంచో చెబుతోంది. వెళ్ళి కూర్చున్నాను. చిన్నవాడు, మర్యాదస్తుడు. నోరు చూసి తటపటాయించాడు.

"అమ్మా, ఇగుర్లు ఇంత పచ్చిగా ఉండాయే. ముందు యాడన్నా చూపిచ్చినారా? ఏమన్నా మందులు వాడుతాండారా?"

"లేదు" అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో వినండి. చీర కొనేటప్పుడు మొదటి అంగడిలో చెప్పిన ధర రెండో అంగడిలో చెప్పకూడదు కదా. చెబితే వాడు దాన్ని పట్టుకునే మాట్లాడతాడు. చెప్పకపోతేనే అసలు సంగతి బయటపడుతుంది. డాక్టర్లను కూడా అట్లాగే పరీక్షించాలనుకున్నాను. ఈయన తనంతట తానే ఏమంటాడో చూద్దామని. "పన్ను పోటుకు ఇగురు వాచింది, అంతే. పీకెయ్యి నాయనా" అని నేనే తొందరపెట్టాను. ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పిన మాట నమ్మాడు.

పన్ను సులభంగానే వచ్చింది. రక్తం తుడవడానికి గుడ్డ ఒత్తి తీసేసరికి, గుడ్డతోపాటు ఇగురు పొర పెద్దది ఊడి వచ్చింది. ఆ చిన్నవాడి ముఖం పాలిపోయింది. "అమ్మా, నిజం చెప్పండి, ఇది ముందు ఎవురన్నా చూసినారా?" అని మళ్ళీ అడిగాడు. నేను నోట్లో దూది ఉందని సైగ చేసి తప్పించుకున్నాను. పెద్ద ఆసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ సంచీలో అడుక్కు తోసి ఇల్లు చేరాను.

ఇల్లు చేరేసరికి మాట పోయింది. నాలుక కదిలితే పుండుకు తగులుతుంది. దీపక్ అంగడి నుంచి వచ్చి, "ఏం మా, మాట్లాడవు?" అంటే ఏం చెప్పాలో తోచక, దేవుడి పటం చూపించి, పెదవి మీద వేలు పెట్టుకున్నాను. వాడే పేరు పెట్టాడు, "ఓహో, మౌనవ్రతమా!" అని. నేను తల ఊపాను.

అదీ నా వ్రతం. ఎవరి మీదా పట్టింది కాదు. ఏ దేవుడికీ మొక్కింది కాదు. ఆ తర్వాత మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ పేరు చూస్తూ కూర్చున్నాను. ఎత్తితే మాట రాదు. వచ్చినా ముద్దగా వస్తుంది, మీరు కనిపెట్టేస్తారు. కట్ చేస్తే కోపమనుకుంటారు. కోపమనుకోవడమే మేలనుకున్నాను. వీధిలో మాత్రం నాకు గౌరవం పెరిగింది. అంజినమ్మ అరటిపండ్లు తెచ్చి కాళ్ళకు మొక్కింది. అవి కూడా నేను నమలలేదు.

మీ చెల్లెలు మాత్రం నమ్మలేదు. చెప్పాపెట్టకుండా దిగింది.

"మౌనవ్రతమా! నువ్వా! గుడిలో ప్రసాదం తక్కువ పెట్టినారని అయ్యవారితో కొట్లాడినదానివి. నోరు తెరువు."

తల అడ్డంగా ఊపాను.

"తెరువు వదినా. లేకపోతే మా అన్నకు ఫోన్ చేస్తా ఈడనుంచే."

తెరిచాను. చూసి రూప అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడుపు చూసి, నేను పోతున్నానన్న సంగతి ఇక ఖాయమనుకున్నాను.

హిందూపురం తీసుకుపోతే మల్లికార్జున డాక్టరు తిట్టలేదు. పెనుకొండ సంగతి రూప చెబితే విని, పుండు కడిగించి, ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, బెంగళూరు కాగితం ఇన్ని దినాలు ఈడనే ఉండాది. మీరే రాలేదు. ఇది క్యాన్సర్ కాదు. అంటుజబ్బు అంతకన్నా కాదు. పెంఫిగాయిడ్ అంటారు."

నేను ఆ పేరును చీటీ మీద రాయించుకున్నాను. రూప చేత చదివించుకున్నాను. తర్వాత ఆమె చేతే ఫోన్‌లో వెతికించి, ఆయన చెప్పిందీ అక్కడ ఉన్నదీ ఒకటేనా అని చూసుకున్నాను. ఒకటే.

ఆయన చెప్పింది మీకు అర్థమయ్యేలా రాస్తాను. మన ఒంట్లో బయటి రోగాలను తరమడానికి కాపలా ఉంటుందట. నా ఒంట్లో ఆ కాపలాకు నా ఇగురే పరాయిదని తోచిందట. పొరను కింది కండకు అతికించి ఉంచేదాన్నే దొంగ అనుకుని కొడుతోందట. అందుకే పొర నిలవడం లేదు. నోటి లోపలిది కూడా తోలులాంటిదే కాబట్టి తోలు డాక్టరమ్మ. అదే దెబ్బ కంటి పొరకూ తగలొచ్చు కాబట్టి కంటి డాక్టరు. "మంట చల్లారకముందే కత్తి పెడితే కోసిన తావ మానదు. అందుకే అప్పుడు పీకలేదు" అన్నాడు. చివర నవ్వుతూ, "మీ కాపలావానికి అనుమానం రోగం పట్టిందమ్మా" అన్నాడు.

రూప నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

ఆ తర్వాత కొన్ని వారాలు మందు మింగాను. పండ్ల అచ్చు తీసి మెత్తని తొడుగు చేసిచ్చారు. దానిలో మందు పూసి పండ్లకు తగిలించుకునేదాన్ని. కంటి డాక్టరు చూసి కండ్లకు ఏమీ లేదన్నాడు. ఎర్రదనం మెల్లగా దిగింది. రెండు మాటలు వస్తున్నా ఇంట్లో మాత్రం వ్రతం అట్లాగే సాగించాను. మందు మానేసి చూద్దామా అని ఒకసారి బుద్ధి పుట్టింది గానీ మానలేదు. కానీ పెనుకొండలో పీకిన పన్ను పక్కది కదిలిపోయి చీము పట్టింది. ఎముక అంచు ఒకటి పైకి పొడుచుకుని ఉంది. ఆ పన్ను తీసి, ఎముక సరిచేసి, ఇగురు కప్పి కుట్టాలన్నారు. మళ్ళీ పొర ఊడితే? ఇప్పుడు మానకపోతే? ఆపరేషన్ రోజు రూపను కూడా బయట ఉండమన్నాను, కన్నడం వినాల్సి వస్తుందని.

లోపల నా ముందు ఒక ముసలమ్మ. గౌరిబిదనూరు వైపు మనిషి, తెలుగు రాదు. ఎస్తేరని అక్కడ పనిచేసే అమ్మాయి ఆమెకు నోరు పుక్కిలించడానికి గ్లాసులో నీళ్ళు పోస్తోంది. పోస్తూ ఉంటే ముసలమ్మ చేయి అడ్డం పెట్టింది.

"సాకమ్మా, సాకు, సాకు!"

నేను కుర్చీలో నిటారుగా లేచాను.

"ఏం పాపా, ఆయమ్మ ఏమంటాంది?"

"నీళ్ళు సాలంటాంది ఆంటీ."

"సాకు అంటే?"

"కన్నడంలో సాకు అంటే సాలు. చాలు అని."

ఆ రోజు విన్న మాటలన్నీ ఎస్తేరుకు అప్పజెప్పి అర్థం అడిగాను. సణ్ణ చూరు సాకు. చిన్న ముక్క చాలు. అష్టే సాకా? అంతే చాలా? నేను చెప్తాను. పెద్ద కోత ఏమీ ఉండదని నాకు చెబుతానని రూప అన్న మాట అది. నిజంగానే ఆ రోజు బయటికి వచ్చాక, "ఇంతే కోసినారు వదినా, గోరంత" అని చెప్పింది కూడా. నేను దాన్నే సాకు అనుకుని పెనుకొండలో రైలు దిగాను.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నాకు ఎందుకు తెలియలేదా అని ఆలోచించాను. మన ఇంట్లో వడ్డనలన్నీ తెలుగులో జరిగాయి, దాచుకునేవే కన్నడంలో జరిగాయి. విస్తరి దగ్గర మీరు ఒక్కనాడు సాకు అని ఉంటే నా పన్ను నాకు మిగిలేది. ఈ మాట మీకు నొప్పి కలిగించాలనే రాస్తున్నాను, కొంచెం.

నవ్వొచ్చింది. నవ్వితే పెదవి చిట్లుతుందని ఎస్తేరు భయపడి, "నవ్వద్దు ఆంటీ!" అని పెదవులకు, నోటి మూలలకు వాసెలిన్ పూసింది. రూపను లోపలికి పిలిపించాను. నా చేయి పట్టుకుని కూర్చోమన్నాను. డాక్టరు తడి దూది తప్ప పొడిది ఇగురుకు తగలనివ్వలేదు. ఎక్కడా లాగలేదు, గట్టిగా ఒత్తలేదు. మధ్యలో ఏదో ఒకటి కన్నడంలో అన్నాడు. రూప వెంటనే తెలుగులో చెప్పింది, "లైటు ఇంకొంచెం ఈ పక్కకు తిప్పమంటాండాడు వదినా, అంతే." తీసిన పన్ను చూపించమన్నాను. చూపించారు. నాదే.

నిన్న కుట్లు విప్పారు. పొర నిలిచింది. వెనకాల ఒకచోట కొంచెం ఎర్రగా ఉంది, దానికి మందు ఉంది. ఈ జబ్బు మొత్తంగా పోయేది కాదట, అణిచి ఉంచుకోవాలట. మానిన చోట వేలితో తాకి చూశాను. గట్టిగా ఉంది. ఇవాళ పొద్దున దీపక్‌తో రెండు మాటలు మాట్లాడాను. "ఏం మా, వ్రతం అయిపోయిందా?" అన్నాడు. వాడికింకా నిజం చెప్పలేదు. మీతో చెప్పాక చెబుదామని. ముందు కాశీలో తెలియాలి, తర్వాత ధర్మవరంలో.

మొదట్లో "క్షేమం" కింద గీత గీసింది, ఆ మాటను మీరు ఊరికే నమ్మకూడదని. అంతా చెప్పాక ఇప్పుడు ఆ గీత అక్కర్లేదు. పెన్నుతో గీసింది కాబట్టి పోదు. అట్లాగే ఉండనివ్వండి.

మీరు ఉత్తరం అందగానే పరుగెత్తుకుని రావద్దు. ఏడాది పూర్తి చేసుకునే రండి. కానీ ఫోన్ చేయండి. మీ మోకాలు సంగతి తెలుగులో చెప్పండి. మెట్లు లెక్కలోకి తేకుండా చెప్పండి. ఎత్తుతాను. నా మాట కొంచెం ముద్దగా వినబడుతుంది, భయపడకండి.

ఉత్తరాలు ఇక సాకు.

ఇట్లు,
మీ మాట వినాలని ఎదురుచూసే
మీ ఇల్లాలు
నాగరత్న